ఊరంతా పిచ్చోళ్లా?

నరసాపురం

అమ్మలూ,

రాత్రి ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. లెక్క నీకు సరిగ్గానే వచ్చినా, క్లాసంతా వేరే జవాబు చెప్పేసరికి నువ్వూ అదే చెప్పేశావట. "నాకు సొంత బుర్రే లేదా నాన్నా?" అన్నావు. ఉంది తల్లీ, అందరి ముందూ జంకింది, అంతే.

1950ల్లో అమెరికాలో సాలమన్ యాష్ అనే సైకాలజిస్టు ఇదే పరీక్షించాడు. కార్డుల మీద గీతలు చూపించి, ఏది దేనికి సమానమో చెప్పమనేవాడు. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ఆయన మనుషులే, కావాలనే తప్పు చెప్పేవాళ్లు. అలా ఇరుక్కున్నవాళ్లలో నలుగురికి ముగ్గురు ఒక్కసారైనా కళ్లెదుటి గీతను కాదని గుంపు మాటే అన్నారు. తోడుగా ఇంకొక్కడు సరైన జవాబు చెబితే మాత్రం తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి.

అది చదివితే మన రొయ్యల చెరువు గుర్తొచ్చింది. నువ్వప్పుడు రెండో క్లాసు. టీ కొట్టు దగ్గర ఎవరి నోట విన్నా రొయ్య కౌంటు (కిలోకి ఎన్ని తూగాయో), రేటు. పక్క చెరువుల ఉప్పు ఊటకి మన చేలో ఓ మూల వరి ఎర్రబడిన మాటా నిజమే, అంచేత ఉత్త గొర్రెలా దూకానని అననులే. మీ అమ్మ మాత్రం "అప్పు తెచ్చి మూడెకరాలూ ఒకేసారి ఎందుకండీ, ముందు ఒకెకరం తవ్వి చూద్దాం" అంది. "నీకేం తెలుసు, ఊరంతా పిచ్చోళ్లా?" అన్నాను. రెండో పంటలో ఓ తెల్లవారుజామున టార్చి వేస్తే రొయ్యలన్నీ గట్టు వారకి చేరి ఉన్నాయి. ఒకదాన్ని తీసి చూస్తే పెంకు మీద తెల్లమచ్చలు, చెరువంతా తుడిచిపెట్టే తెగులు. ఆ అప్పు తీరేసరికి నువ్వు పదో క్లాసుకొచ్చావు.

1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించినప్పుడు జనం వెలేశారు. పనివాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నీళ్లు మోసి వండిపెట్టారు. ఆయన ధైర్యం గురించి మాకు బళ్లో చెప్పారు గానీ, ఆ బిందెల గురించి ఎవరూ చెప్పలేదు.

ఈసారి ఎవరూ నోరు విప్పకముందే నీ జవాబు నోట్సులో రాసేసుకో. యాష్ దగ్గర కూడా, పైకి చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడు తప్పులు బాగా తగ్గాయి. చిన్నప్పుడు నువ్వేం అడిగినా "ఎదురు మాట్లాడకు" అన్నది నేనే. ఆ జంకులో నా వాటా కూడా ఉంది.

మీ అమ్మతో ఆ చెరువు సంగతి ఇంతవరకూ ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసేముందు ఆవిడకే ఇస్తాను. ఏమందో నువ్వే ఫోన్ చేసి కనుక్కో.

మీ నాన్న