టైముకొచ్చిన బండి

అయ్యా,

పాలకొల్లులో మా టీకొట్టు దగ్గర ఈమధ్య ఒకటే మాట: ‘దేశానికి గట్టోడొకడు కావాలి, ఎలక్షన్లు దండగ’. అనేది కుర్రాళ్లే కాదు, నా ఈడువాళ్లు కూడా.

ఎమర్జెన్సీ పెట్టేనాటికి నాకు 22 ఏళ్లు. నరసాపురం బండి టైముకొస్తోందని మా నాన్నగారు తెగ మురిసిపోయేవారు. పేపర్లో ఏం రానివ్వలేదో మాకెలా తెలుస్తుంది? 1976లో రాజ్యాంగం 42వ సవరణతో లోక్‌సభ గడువే ఆరేళ్లు చేసేసుకున్నారు. 1977 ఎన్నికల్లో ఉత్తరాది తిరగబడింది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. అందులో నా ఓటూ ఉంది, దాచుకోను.

చైనా 2018లో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ 2025లో అధ్యక్షుడు ఇన్నిసార్లే అన్న హద్దు తీసేశాయి. ట్యాంకులు దించి కాదు, చట్టసభలో ఓటేసే. సాల్వడార్‌లో ముఠాల బెడద తగ్గిందని జనం సంతోషించారు. మా నాన్నగారి బండి లాంటిదే అదీను.

వంతు తప్పి బోదెలో నీళ్లు రాకపోతే మేం నీటిసంఘం అధ్యక్షుణ్ణి నిలదీస్తాం. ఆయనకిక ఎన్నికే లేదంటే శివారు చేలకి చుక్క వస్తుందా? ఈ మాట అడిగితే టీకొట్టులో ఒకాయన గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు