రొయ్యల చెరువుకూ ఫెలోషిప్ కావాలి

సంపాదకులు గారికి,

మొన్న తెల్లవారుజామున మా చెరువులో చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యల తలపెంకు మీద తెల్లమచ్చలు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ అయింది. షాపుల్లో తలా ఒక డబ్బా అంటగట్టారు గానీ, ఈ తెల్లమచ్చల వైరస్‌కు మందే లేదని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

మేం పెంచే వనామి రకం రొయ్య మన దేశానికి 2009లో వచ్చింది. ఇన్నేళ్లయినా తల్లిరొయ్యలు చాలావరకు విదేశాల నుంచి విమానంలో దిగాల్సిందే. చెన్నై నీలాంగరైలో క్వారంటైన్ అయ్యాకే రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలకు చేరతాయి. రోగం లేని తల్లిరొయ్యల్ని తరతరాలుగా ఎంపిక చేసి పెంచే ఆ పనితనం నేర్పిస్తే మన పిల్లలకు రాదా?

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీ చదువులకే. మంచిదే. కానీ గట్టు మీద, ల్యాబుల్లో రోజూ పనిచేసేది డిప్లొమా చదివిన కుర్రాళ్లు. ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులతో పాటు వీళ్లనూ ఆ పనితనం నేర్చుకోవడానికి ఏడాదిపాటు ఫెలోషిప్ మీద హవాయికో థాయ్‌లాండ్‌కో పంపాలి. తిరిగొచ్చి మూడేళ్లు జిల్లాలోనే పనిచేయాలని షరతు పెట్టండి. అక్కడే ఉండిపోతారని కొందరి భయం. సరైన జీతం, ల్యాబ్ ఇక్కడ చూపిస్తే సొంతూరు ఎందుకు వదులుకుంటారు? ముందు పదిమందితో మొదలుపెట్టినా చాలు.

- ఒక రొయ్యల రైతు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా