ఆపరేషన్ తర్వాత ఆ రెండు వారాలు

వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారి గారికి,

విడిగా పంపిన వినతులకు జవాబు రానందున పదిమంది ముందు రాస్తున్నాను.

మునుగోడు, మర్రిగూడ పల్లెల్లో తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో ఎముకలు బిగుసుకుపోయి మంచం పట్టిన పెద్దలున్నారు. వాళ్లను లేపి కూర్చోబెట్టేది ఎక్కువగా కోడళ్లే. ట్యూబెక్టమీ (ఆడవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయిన మనిషి రెండు వారాలు బరువులెత్తకూడదంటారు. మరి అత్తగారు బరువు కాదా? పచ్చి కుట్ల మీద ఒక అరచేయి అదిమిపెట్టి, రెండో చేత్తో అత్తగారి చంక కింద ఊతమిస్తున్న కోడలిని చూశాను. ఇంట్లో మగవాళ్లూ ఉన్నారు!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని 15-49 ఏళ్ల వివాహితల్లో 37.9 శాతం ఈ ఆపరేషన్‌పై ఆధారపడగా, భర్త వేసెక్టమీపై (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌పై) ఆధారపడినవారు 0.3 శాతమే. కోతలేని వేసెక్టమీకి కుట్లు కూడా అక్కర్లేదు.

ట్యూబెక్టమీకి వచ్చిన మహిళ ఇంట్లో ఎవరికి సేవ చేస్తున్నారో, ఆ రెండు వారాలు ఆ సేవ ఎవరు చేస్తారో ఆపరేషన్‌కు ముందే అడిగి నమోదు చేయించండి. భర్తలకు వేసెక్టమీ గురించి విడిగా చెప్పించండి. మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
నల్గొండ జిల్లా పౌరురాలు