కుక్కపిల్లను కొనే ముందు తల్లిని చూపించమని అడగండి

సంపాదకులకు నమస్కారం.

వీధికుక్కల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పటి నుంచి పేపర్లలో, టీవీల్లో కుక్కల గురించి చర్చ ఆగలేదు. కాట్లు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు, షెల్టర్లు, అన్నం ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ మాట్లాడుకున్నాం. డబ్బు పోసి కొన్న కుక్కలు చివరికి ఎక్కడ తేలుతున్నాయో మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు.

సెలవు రోజుల్లో నేను సాయానికి వెళ్లే షెల్టర్‌లో వీధికుక్కల మధ్యే లాబ్రడార్లు, పగ్‌లు, హస్కీలు కూడా ఉంటాయి. అక్కడ ఒక ఆడ లాబ్రడార్ ఉంది. పొట్ట కింద చన్నులు సాగి వేలాడుతుంటాయి. సిమెంటు నేల మీద పడుకుని పడుకుని మోచేతులు కాయలు కాశాయి. రాత్రిపూట ఎవరో గేటుకు కట్టేసి వెళ్లిపోయారు. ఎన్నిసార్లు ఈనిందో దానికే తెలియాలి.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. ఏడాదిన్నర నిండని ఆడకుక్కను మగకుక్కతో కట్టించకూడదు, జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కానీ వాట్సాప్ గ్రూపుల్లో చూడండి, నెల రోజుల పిల్లలే. జాతి ఏదో చెప్పే పేపర్లుంటే ఒక రేటు, లేకపోతే ఒక రేటు.

నెల రోజులకే తల్లిపాలు మాన్పించిన పిల్లకు మొదటి టీకా కూడా పడి ఉండదు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అమ్మేవాడి దగ్గరే అంటుకున్నా, బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అది మన ఇంటికి వచ్చేస్తుంది, పిల్లలు పేరు కూడా పెట్టేస్తారు. తర్వాత వాంతులు, రక్త విరేచనాలు, సెలైన్లు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, మీరు పెట్టిన తిండి పడలేదంటాడు.

కొనేవాళ్లంతా తప్పు చేస్తున్నారని నేను అనను. చంటిపిల్లలున్న ఇంట్లో ఫలానా స్వభావం ఉన్న కుక్క కావాలనుకోవడం సహజం. పద్ధతిగా పెంచే బ్రీడర్లు కూడా ఉన్నారు. వాళ్లు తల్లిని, అది ఉండే చోటును చూపిస్తారు. మీకు కుదరకపోతే పిల్లను వెనక్కి తీసుకుంటారు. తల్లిని చూపించను, ఫలానా బస్టాప్ దగ్గరకు రండి, అట్టపెట్టెలో పెట్టి తెచ్చిస్తా అనే మనిషికి మాత్రం రూపాయి ఇవ్వకండి. మీరు జాలిపడి ఆ ఒక్క పిల్లను కాపాడితే, ఆ డబ్బుతో దాని తల్లిని మళ్లీ కట్టిస్తాడు.

ఇక మే నెలలో కరెంటు పోతే హస్కీ మీద తడిగుడ్డలు కప్పే ఇళ్లు చూశాను. చలిదేశపు కుక్కకు మన ఊళ్లో ఆ అవస్థ ఎందుకు?

షెల్టర్ కుక్కంటే కరుస్తుందేమో అని చాలామందికి భయం. నిజానికి ఎదిగిన కుక్క స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. దానికి పిల్లలంటే పడుతుందా, ఒంటరిగా ఉండగలదా అన్నది రోజూ తిండి పెట్టే మనిషి చెప్పేస్తాడు. కొన్న పిల్ల విషయంలో ఆ హామీ ఎవరిస్తారు? చాలా షెల్టర్లు ఆపరేషన్, రేబిస్ టీకా చేయించే ఇస్తాయి. అయితే ఉచితంగా వస్తుంది కదా అని మాత్రం తెచ్చుకోవద్దు. పదేళ్ల పైమాటే ఆ బాధ్యత. ఏటా టీకాలు, రోజూ తిండి, మనం ఊరెళ్తే చూసుకునే మనిషి ఉండాలి. నెల తిరక్కుండా వెనక్కి తెచ్చి వదిలేసిన కుక్క రెండు రోజులు గిన్నె ముట్టదు.

2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అలాంటివి నెలనెలా జరగాలి. విజయవాడ, విశాఖ, వరంగల్ కార్పొరేషన్లు కూడా పెట్టాలి. రిజిస్టరైన బ్రీడర్ల జాబితాను రెండు రాష్ట్రాల బోర్డులూ తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచాలి.

మీకూ ఒక విన్నపం. మీ క్లాసిఫైడ్స్‌లో కుక్కపిల్లల అమ్మకం ప్రకటన తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ప్రకటనతో పాటే దాన్ని అచ్చు వేయండి. నంబరు లేని ప్రకటన వేయకండి.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్