పాత ఇంజన్‌ని వయసు చూసి కాదు, విప్పి చూసి తేల్చండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

చిన్న బోట్ల మీద వేటకు వెళ్లే మాలాంటి వాళ్ల ఇళ్లలో అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట బిగించేది) పాతబడిందంటే అదొక పెద్ద టెన్షన్. రిపేరు చేయించి ఇంకొన్నాళ్లు లాగిద్దామా, అప్పు చేసి కొత్తది కొందామా అన్న దగ్గర అన్నదమ్ములే మాటామాటా అనుకుంటారు. అలాంటప్పుడు ప్రభుత్వ సాయం ఎటుంటే అందరూ అటే మొగ్గుతారు. కొత్త ఇంజన్‌కి సబ్సిడీ ఇచ్చి, పాతదాని రిపేరుకి ఏమీ ఇవ్వకపోతే, నిక్షేపంగా నడిచే ఇంజన్ కూడా తుక్కులోకి పోతుంది, మిగతా డబ్బు కోసం చేసిన అప్పు మా నెత్తిన ఉంటుంది. కొన్న సంవత్సరం చూసి అర్హత నిర్ణయిస్తే నష్టం రెండు వైపులా ఉంటుంది. బాగున్నది పోతుంది, ప్రమాదంగా ఉన్నది నీళ్లలోనే తిరుగుతుంది.

అందుకే మీకు ఒక్కటే మనవి. ఏ ఇంజన్‌నైనా ముందు పరీక్ష చేయించండి. రిపేరు చాలని తేలితే రిపేరుకి, మార్చక తప్పదని తేలితే కొత్తదానికి సాయం చేయండి.

ఉప్పునీళ్లలో తిరిగే ఇంజన్‌కి వయసు లెక్క పనికిరాదు. రాగానే మంచినీళ్లు పట్టి లోపలంతా కడిగే వాళ్ల దగ్గర పదిహేనేళ్ల ఇంజన్ కూడా ఒక్క లాగుడుకే స్టార్ట్ అవుతుంది. కడగకుండా వదిలేస్తే, నీళ్లు తిరిగే దారుల్లో ఉప్పు గడ్డకట్టి, వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ బిగుసుకుపోయి, నాలుగేళ్లకే వేడెక్కి ఆగిపోవచ్చు. ఉప్పునీళ్లు అల్యూమినియం బాడీని తినేయకుండా, దానికి బదులు తామే అరిగిపోయేలా బిగించే జింక్ ముక్కలు ఉంటాయి. అవి సగం అరిగేసరికి మార్చాలి. మార్చారో లేదో కొన్న బిల్లు చూస్తే తెలియదు కదా.

పరీక్షకు పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్‌కి లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించి తాడు లాగితే అంకె కనిపిస్తుంది. కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగా, సిలిండర్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటే పవర్‌హెడ్‌కి, అంటే సిలిండర్లుండే పై భాగానికి, ఇంకా ఆయుష్షు ఉందన్నమాటే. ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ 15 శాతం దాటి తేడా ఉంటే రింగులో సిలిండరో అరిగిందని అనుమానించాలి. తర్వాత గేర్ ఆయిల్. కింది స్క్రూ విప్పగానే వచ్చే ఆయిల్ తెల్లగా ఉంటే సీల్ పోయి నీళ్లు చేరాయి. వెంటనే సీల్ మారిస్తే గేర్లు దక్కుతాయి. స్క్రూ చివరి అయస్కాంతానికి మెత్తని పొడి అంటితే కంగారు లేదు, ఇనుప పెళ్లలు అంటితే మాత్రం గేర్లు పోతున్నట్టే. ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని చల్లబరిచి పక్కనుంచి పడాల్సిన నీటి ధార సన్నబడితే చాలాసార్లు తప్పు పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌దే. ఆ చిన్న రబ్బరు ముక్క మార్చక ఇంజన్ మొత్తం సీజైపోయిన సందర్భాలు మాకు కొత్త కాదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పాతదాన్నే పట్టుకుని వేలాడాలని నేను అనడం లేదు. ఇంజన్‌ని బోటుకి పట్టి ఉంచే బ్రాకెట్ పగుళ్లిచ్చినా, బాడీని తుప్పు తినేసి బోల్టు తిప్పితే విరిగిపోతున్నా ఇక దానికి ఖర్చు పెట్టడం దండగ. స్పేర్లు దొరకని ఇంజన్‌దీ అదే దారి. వందేళ్లకు పైగా చరిత్ర ఉన్న ఎవిన్‌రూడ్ లాంటి బ్రాండ్ ఇంజన్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. కంపెనీ ఎంత పెద్దదైనా స్పేర్లు ఎల్లకాలం వస్తాయని నమ్మకం పెట్టుకోలేం.

ఇంధనం సంగతీ చూడాలి. కార్బ్యురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ ఇంజన్‌లో పోసిన ఇంధనంలో నాలుగో వంతు దాకా మండకుండానే ఎగ్జాస్ట్‌లోంచి పోవచ్చు. రోజూ దూరం వెళ్లే బోటుకి ఫోర్ స్ట్రోక్ కొంటే ఆ మిగులుతోనే అప్పులో కొంత తీరుతుంది. ఒడ్డుకి దగ్గర్లో అప్పుడప్పుడు తిరిగే బోటుకి ఆ లెక్క కుదరదు. పైగా 40 హార్స్‌పవర్ తరగతిలో ఫోర్ స్ట్రోక్ దాదాపు ఇరవై కిలోలు ఎక్కువ బరువుంటుంది. పాత బోటు వెనక చెక్క దాన్ని మోస్తుందా అని ఎవరూ చూడకుండా ఇంజన్ అంటగడితే, వెనక భాగం కిందికి దిగి అలలు లోపలికొస్తాయి. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్ మొరాయిస్తే లాప్‌టాప్ పెట్టి తప్పు పట్టుకునే మెకానిక్ కావాలి. ఆ మెకానిక్‌ని తయారు చేయకుండా ఇంజన్ ఒక్కటే ఇస్తే సగం సాయమే అవుతుంది.

కాబట్టి బోట్లు ఆగే ప్రతి రేవులో ఒక కంప్రెషన్ గేజ్, శిక్షణ పొందిన ఒక మెకానిక్, ఇంపెల్లర్లు, సీళ్లు, జింక్ ముక్కలు, థర్మోస్టాట్లు ఉండేలా చూడండి. ఆ మెకానిక్ రాసిచ్చిన కాగితాన్నే అర్హతగా తీసుకోండి. సబ్సిడీ మీద ఇంజన్లు అమ్మే కంపెనీల దగ్గర, ఇన్నేళ్లపాటు స్పేర్లు ఇస్తామని ముందే రాయించుకోండి. మెకానిక్‌ని మాత్రం ఆ కంపెనీల మనిషిని పెట్టకండి. పాతది పనికిరాదని చెబితే లాభం వచ్చేవాడి చేత ఆ మాట చెప్పించకూడదు.

ఇక పనికిరాదని తేలిన ఇంజన్ల ఫైళ్లు ముందు కదలాలి. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు కొట్టేటప్పుడు ఇంజన్ ఆగిపోతే, తెడ్డుతో ఎంత వేసినా బోటు సముద్రంలోకే పోతుంది. ఫైలు ఆలస్యమైందని మేము వేట మానుకోలేం, ఆ ఇంజన్ మీదే వెళ్తాం. అలాంటి దరఖాస్తులకు ఇన్ని రోజుల్లో మంజూరు చేయాలని గడువు పెట్టి, ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
చిన్న బోటు మీద వేటకు వెళ్లే ఒక మత్స్యకారుడు