గేదె బతికిందిరా, కానీ నువ్వు దొరికిపోయావు

ఒరేయ్ గుండూ,

నువ్వెప్పుడో మూడు నెలల కింద రాసినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టు, పడతాను. కానీ తిట్లన్నీ ఇప్పుడే ఖర్చు పెట్టెయ్యకు. ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నేను నిన్ను తిట్టే పని ఒకటుంది, అప్పుడు చెల్లుకు చెల్లు చేసుకుందాం. వాట్సాప్‌లో చెప్తే ఒక నవ్వుబొమ్మ పెట్టి తప్పించుకుంటావని కూర్చుని రాస్తున్నాను.

ముందు మామూలు కబుర్లు, గబగబా. అమ్మ మోకాలి ఆపరేషన్ బానే అయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇల్లు మారాం, మియాపూర్‌లోనే, రెండు వీధులవతల. ఆఫీసులో మా టీమ్‌లో ఇద్దర్ని తీసేశారు, నేనింకా ఉన్నాను. పాప బడికెళ్తోంది, ఏడుస్తూనే. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. గేదె బతికింది!

అవున్రా, మన ఎర్ర గేదే. 2011లో తలా పందొమ్మిది వందలు వేసుకుని కొన్న ఎలక్ట్రిక్ గిటారు. నువ్వు డల్లాస్ పోతూ "నా సగం జాగ్రత్త" అని నా మెడకి తగిలించిపోయిన గేదె. ఇల్లు మారేటప్పుడు అటక మీంచి దింపాను. సంచి జిప్పు తుప్పు పట్టి రాలేదు, కత్తెరతో కోశా. తీగలు నల్లగా, ముట్టుకుంటే వేళ్ళకి మసి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "ఇది కూడానా?" అంది. ఆ "కూడా"లో నా పాత స్కూటరు, నీ దగ్గర తెచ్చుకున్న ఆసిల్లోస్కోపు, అన్నీ ఉన్నాయి.

తీగలు మార్చి ఓ మూల పెడదామనుకున్నా, ఒట్టు. మార్చాక చూస్తే శ్రుతి నిలవదు. జీ తీగ సంగతి గుర్తుందిగా? ట్యూనర్ తిప్పుతావు, ఏమీ మారదు, ఇంకా తిప్పుతావు, ఏమీ మారదు, ఉన్నట్టుండి "టింగ్"మని ఒక్క దూకు దూకి ఎక్కడికో పోతుంది. హాస్టల్లో మనం ట్యూనర్లనే తిట్టేవాళ్ళం. నేనిప్పుడూ అదే నమ్మకంతో పన్నెండొందలు పోసి కొత్త ట్యూనర్లు తెప్పించా. బిగించా. మళ్ళీ టింగ్! తప్పు వాటిది కాదురా, తల దగ్గరుండే ఆ తెల్ల ప్లాస్టిక్ ముక్క, నట్, దానిది. దాని గాడిలో తీగ ఇరుక్కుంటోంది. పాప పెన్సిలు తెచ్చి గాట్లో నాలుగు గీతలు గీశా. పెన్సిలు ముల్లు గ్రాఫైటే కదా, తీగ నూనె రాసినట్టు జారింది. పన్నెండొందల జబ్బుకి పెన్సిలు వైద్యం.

అక్కడ ఆగుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. పిక్‌గార్డు (పైనుండే ప్లాస్టిక్ మూత) విప్పా. లోపల చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఖరీదైన వాటిల్లో తీగల కింద పికప్పులో (తీగ కదలికని కరెంటుగా మార్చే కాయిల్‌లో) కనబడే ఆరు బొడిపెలే అయస్కాంతాలు, ఆల్నికో అనే మిశ్రలోహానివి. మనదాంట్లో బొడిపెలు ఉత్త ఇనప ముక్కలు, వాటి అడుగున స్పీకరు వెనకాల ఉండే రకం సిరామిక్ పలక ఒకటి జిగురుతో అంటించి ఉంది. సర్లే, ఎలాగూ విప్పాం కదా, బ్రిడ్జి (తీగల అడుగు కొస ఆనే ముక్క) దగ్గర హంబకర్ రకం పికప్ ఒకటి పెట్టేస్తే పోలా అనిపించింది. రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి హమ్ముని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి మన వార్డెన్ పీడ పోతుందని ఆశ. (గదిలో ట్యూబులైటు వేస్తే ఆంప్‌లోంచి వచ్చే ఆ గుర్రుని "వార్డెన్ వచ్చాడ్రా" అనేవాడివి. ఇప్పుడు పాప కూడా అంటోంది, వార్డెన్ అంటే ఏంటో తెలీకుండానే.)

హంబకర్ వెడల్పు, మన గాడి ఇరుకు. అందుకని చెప్తున్నా, కోప్పడకు: గేదెని కోశాను. నీ సగం కూడా.

ఎదురు ఫ్లాట్‌లో అల్మారాలు చేస్తున్న వడ్రంగాయన ఉన్నాడు, ఆయన్ని బతిమాలా. బల్ల మీద కదలకుండా ఉండాలంటే మెడ విప్పాలన్నాడు, నాలుగు స్క్రూలూ విప్పాం. (విప్పగానే లోపల ఒకటి దొరికింది. దాని సంగతి తర్వాత. చదవకుండా కిందికి దూకావో చూడు.) ఆయన ఉలి పెట్టి రెండు దెబ్బలు కొట్టాడు, ఆగాడు, చెక్క పొట్టు వేళ్ళ మధ్య నలిపి చూశాడు, నా మొహం చూశాడు.

"సార్, ఇది కమర్షియల్ ప్లై."

మహాగనీ అన్నావు కదరా! నాలుగేళ్ళు హాస్టలంతా తిరిగి చెప్పావు, మహాగనీ, ఆ బరువు చూడండి అని. పొరలు పొరలుగా కనబడుతోంది, మధ్యలో ఒక చోట జిగురు అందక ఖాళీ కూడా. నాకు సిగ్గేసి, నువ్వు రోజూ దంచే, క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే పురాణం ఆయనకి అప్పజెప్పా. 1963లో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే గిటారు మొదలెట్టాడని, పాత చలిమంట గూడు కర్రతో మెడ చేశాడని, మెడకి పురుగు తొలిచిన బెజ్జాలుంటే అగ్గిపుల్లలు కొట్టి పూడ్చాడని, వణుకుడు మీటకి (స్వరాన్ని వణికించేదానికి) పాత మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు, దాని కొసకి వాళ్ళమ్మ అల్లిక సూది కొస వాడాడని. ఆయన అంతా విని "బాడీ ఏంటి సార్?" అనడిగాడు. "బ్లాక్‌బోర్డు, అంటే చెక్క ముక్కలు పక్కపక్కన అతికించిన పలక, పైన మహాగనీ వెనీర్ పొర" అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. "మరింకేం, మనదీ అదే జాతి" అని మళ్ళీ ఉలి తీసుకున్నాడు. పట్టీ తగిలించే స్క్రూ లూజైతే అగ్గిపుల్ల, ఫెవికాల్ పెట్టి బిగించేశాడు, నేను చెప్పకముందే. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగాడు.

ఇంకా కోపంగా ఉందా? మీ పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్‌కి జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని దాని మీద కర్ణాటక సంగీతం వాయించాడు. నేను ఒక్క గాడి వెడల్పు చేస్తే గొడవా?

తర్వాత కోఠీ. గుజరాతీ గల్లీలో పాట్స్ (వాల్యూమ్, టోన్ తిప్పే మరలు) కోసం తిరిగా. పాతవి 'బీ' (B) రకం, లీనియర్. అందుకే వాల్యూమ్ పది నుంచి మూడు దాకా తిప్పినా తేడా తెలిసేది కాదు, ఆ కింద ఒక్కసారే గొంతు పడిపోయేది. చెవికి సరిపోయేది 'A' రకం. కొట్టాయన 250 కిలో ఓములది కావాలా 500ది కావాలా అన్నాడు, హంబకర్ ఉంది కదాని 500 తీసుకున్నా. తెచ్చి చూస్తే పాట్ మెడ లావు, పిక్‌గార్డు బెజ్జం సన్నం. గుండ్రటి ఆకురాయితో రాత్రంతా రాకుతూ కూర్చున్నా. పాట్ వీపు మీద సోల్డరు అంటుకోదు, నా 25 వాట్ల ఐరన్ దాన్ని వేడెక్కించేలోపే చల్లారిపోతోంది. 60 వాట్లది కొన్నా. అన్నీ అయ్యాయి, ఆంప్‌కి తగిలించా.

వార్డెన్ వచ్చాడు. మామూలుగా కాదు, మెస్ బిల్లు కట్టనప్పుడు వచ్చినట్టు.

విచిత్రమేంటంటే, తీగల మీద చెయ్యి వేస్తే గుర్రు తగ్గాలి కదా? మనది పెరుగుతోంది! షీల్డింగ్ (బయటి గుర్రుని ఆపే లోహపు కవచం) లేదు కాబట్టి అనుకున్నా. రాగి రేకు టేపు తెప్పించి లోపల గాడంతా అంటించా, చాలా శ్రద్ధగా, పెళ్ళి అరిటాకుకి నెయ్యి రాసినట్టు మూలమూలకీ నొక్కి, ముక్కకీ ముక్కకీ కలిసిందా అని మల్టీమీటరు పెట్టి చూసుకుని, మూడు రాత్రులు. తగిలిస్తే ఇంకా పెద్ద గుర్రు. మా ఆవిడ నిద్రలో "మోటారు ఆపండి, ట్యాంకు నిండిపోయుంటుంది" అంది.

రాత్రి ఒంటిగంటకి జాక్ విప్పి చూశా. ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. నేనే, నా ఈ చేతులతోనే. ఎర్త్‌కి పోవాల్సిన తీగలు, బ్రిడ్జి, నేను మూడు రాత్రులు అంటించిన రాగి రేకు మొత్తం కలిపి తిన్నగా ఆంప్ చెవిలో పెట్టా. రేకు వేసినకొద్దీ ఏంటెన్నా పెద్దదవుతుంది, గుర్రు పెరగదా మరి? ఈసీఈ రా మనం. ఫస్ట్ క్లాస్. నా సర్టిఫికెట్ నేను తిరిగిచ్చేస్తా, నీది నీ ఇష్టం.

రెండు వైర్లూ అటూ ఇటూ మార్చా. తగిలించా. ఏమీ లేదు. ఆన్ అయిందో లేదోనని లైటు చూసుకున్నా. అంత నిశ్శబ్దం. అప్పుడు మెస్ గంట కొట్టగానే నువ్వు వాయించే ఆ నాలుగు స్వరాల ముక్క లేదూ, అది వాయించా, చిన్నగా, పాప లేవకుండా. ఒరేయ్... సరే, అది వద్దులే. నువ్విక్కడుంటే బాగుండేది, అంతే.

మళ్ళీ ఎవరైనా అడిగితే మాత్రం చెప్తా, పికప్పుల జోలికి ఆఖర్నే వెళ్ళమని. మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) అడిగి తెచ్చుకుని, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనప కడ్డీ) పావు చుట్టు పావు చుట్టు తిప్పుతూ ఏడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర సందు పావు మిల్లీమీటరుకి తెచ్చుకున్న రోజే గేదె సగం బాగుపడింది. అది ఖర్చులేని పని కాబట్టి అన్నిటికంటే ఆఖర్న చేశా. మొత్తం ఖర్చు ఆరు వేలు దాటింది. మా ఆవిడ లెక్క: ఇంకొంచెం వేస్తే కొత్తదే వచ్చేది. నిజమే, ఏం చెప్పను.

సరే, ఇప్పుడు రా దారికి.

మెడ విప్పినప్పుడు గాడిలోంచి రాలిపడింది ఒక కాగితం మడత. మూడు మడతలు, నొక్కుకుపోయి అట్టలా అయింది, నాలుగు స్క్రూల అచ్చులో రెండు దాని అంచున పడ్డాయి. హాస్టల్లో ఆ ఆదివారం గుర్తుందా? తీగలు ఫ్రెట్లకి వేలెడెత్తు, బ్రిడ్జి శాడిల్స్ పూర్తిగా కిందికి దించేసినా ఇంకా ఎత్తే. నువ్వు నన్ను టీకి పంపించావు, వచ్చేసరికి తీగలు దిగిపోయాయి. "మంత్రం వేశా" అన్నావు. పదమూడేళ్ళు నేను మంత్రమనే... నమ్మలేదనుకో, కానీ అడగలేదు. ఇదీ మంత్రం! గాడిలో బ్రిడ్జి వైపు అంచున కాగితం పెడితే మెడ కొంచెం వెనక్కి వాలుతుంది, తీగలు దిగుతాయి. బాగుంది, తెలివైనవాడివే.

కానీ కాగితం విప్పి చదివా.

జనరల్ టికెట్టు. కాకినాడ టౌన్ నుంచి రాజమండ్రి. పెద్దలు ఒకరు. 23-11-2012.

శుక్రవారం రా అది! నీకు జ్వరం కదా ఆ రోజు? దుప్పటి తలదాకా కప్పుకుని మూలిగితే నేను క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి, మాత్ర ఇచ్చి, ల్యాబ్‌కి పోయా. సాయంత్రం దాకా కూర్చుని నీ ఈడీసీ రికార్డులో జీనర్ డయోడ్ గ్రాఫులన్నీ గీశా, రెండు రంగుల పెన్సిళ్ళతో. నువ్వు గోదారి బ్రిడ్జి చూస్తూ పల్లీలు తింటున్నావా? ఇంటికెళ్ళావనుకుందామంటే పాలకొల్లుకి టికెట్టు రాజమండ్రితో ఆగదు కదా.

అంతవరకూ అయితే పోనీలే అనుకుందును. మూడు రోజుల తర్వాత స్నానం చేస్తుంటే వెలిగింది. చెల్లెమ్మది ఏ ఊరు?

2019లో పెళ్ళిచూపులన్నావు. మధ్యవర్తి ఎవరో బాబాయి అన్నావు. "మొదటిసారి చూడగానే ఏదో తెలిసిన మనిషిలా అనిపించిందిరా" అని నాకు ఫోన్లో అరగంట చెప్పావు. తెలిసిన మనిషిలా అనిపించదా మరి, ఏడేళ్ళ...

టికెట్టు బయటికి తీసేశా, వడ్రంగాయన దాని బదులు వెనీర్ ముక్క వాలుగా చెక్కి పెట్టాడు. యాక్షన్ (తీగల ఎత్తు) ఇంకా బాగుంది. టికెట్టు బీరువాలో ఉంది, ప్లాస్టిక్ కవర్లో, సాక్ష్యం కింద. చెల్లెమ్మకి ఫొటో పంపాలా, నువ్వే నిజం చెప్తావా? ఆదివారం మీ పొద్దున్నకల్లా ఫోన్ రాకపోతే

పాప లేచింది. పెన్సిలు ఏదని అడుగుతోంది, బడి సంచిలో పెట్టలేదట. ఉంటా.

నీ బక్కోడు