ఓవర్‌రైట్ అయిన ఫొటోలు: ఇకపై మా షాపులో పద్ధతి ఇదీ

ద్వారకానగర్‌లో మా షాపుకి ఫొటోల రికవరీ కోసం వచ్చేవాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నాను. ఓవర్‌రైట్ అయిన, అంటే పాతవాటి మీద కొత్తవి వచ్చి పడిన ఫొటోలకి ఇకపై అడ్వాన్స్ తీసుకోం. ముందు చూస్తాం, ఏం వస్తున్నాయో స్క్రీన్ మీద మీకే చూపిస్తాం, నచ్చితేనే డబ్బు. బేరం పోతుందని మా కుర్రాడు గొణుగుతున్నాడు, పోతే పోనివ్వండి.

డిలీట్ వేరు, ఓవర్‌రైట్ వేరు. డిలీట్ చేస్తే కంప్యూటర్ ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. డేటా మాత్రం కొత్తది వచ్చి పడేదాకా అక్కడే ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టిన మెమరీ కార్డు నుంచి కూడా చాలాసార్లు ఫొటోలు లాగగలుగుతాం. సరిగ్గా ఆ చోటే కొత్త డేటా రాసేస్తే పాతది పోయినట్టే. హైదరాబాద్ పంపినా, ల్యాబ్‌లో డిస్క్ విప్పినా రాదు. "ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదండీ" అని అడుగుతారు, లేదండీ.

పెళ్లిళ్ల సీజన్‌లో మా దగ్గరికి ఎక్కువగా వచ్చే గొడవ ఒకటే. సింహాచలంలో పెళ్లి, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇద్దరివీ ఒకే కంపెనీ కెమెరాలు, రెండిట్లోనూ ఫొటోల పేర్లు నాలుగంకెల నంబర్లే. 9999 తర్వాత మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది కూడా. రెండు కార్డులూ అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తారు, ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉందని విండోస్ అడుగుతుంది, ఆ అడిగే బాక్సులో అన్నిటికంటే పైన ఉండేది రీప్లేస్, చెయ్యి దాని మీదే పడుతుంది. జీలకర్ర బెల్లం ఫొటోల మీద భోజనాల ఫొటోలు కూర్చుంటాయి.

అప్పుడు కూడా అన్నీ పోయినట్టు కాదు. మామూలు హార్డ్ డిస్క్ అయితే కొత్త ఫైల్ కొన్నిసార్లు వేరే చోట పడుతుంది, పాతదాంట్లో కొంతైనా దొరుకుతుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) అయితే నాకు పెద్దగా ఆశ ఉండదు, ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఖాళీ అయిన చోటుని డ్రైవే శుభ్రం చేసేసుకుంటుంది. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపు ఎస్ఎస్‌డీలే, కాబట్టి "రాదు" అనే మాట మా నోట ఎక్కువ వినిపిస్తుంది, కోపం తెచ్చుకోకండి.

అందుకే నేను ముందు అడిగేది ల్యాప్‌టాప్ కాదు, కార్డు. దాంతో మళ్లీ షూట్ చేయకపోతే సగం టెన్షన్ పోయినట్టే. తర్వాత లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారా అని అడుగుతాను, ఎందుకంటే అసలు ఫైల్ పోయినా అందులో చూపించడానికి తయారైన ప్రివ్యూ కాపీ విడిగా ఉంటుంది, ఆల్బమ్‌లో చిన్న సైజుకి పనికొస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న ఫైల్ మీద కొత్తది అప్‌లోడ్ చేసి ఉంటే పాత వెర్షన్ మామూలుగా 30 రోజులు దొరుకుతుంది, అది ఇంట్లో మీరే చూసుకోవచ్చు, దానికి మాకు డబ్బు కట్టక్కర్లేదు. చుట్టాలకి వాట్సాప్‌లో పంపినవి క్వాలిటీ తగ్గి ఉంటాయి, అయినా ఏమీ లేనిదానికంటే నయం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కార్డులకి మేం వాడేది చాలావరకు ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అది ఫైల్ పేర్లు తిరిగి ఇవ్వదు, ఏవో నంబర్లు పెట్టి వేల ఫొటోలు గుట్టగా పోస్తుంది, అందులో సగం విరిగినవీ ఉండొచ్చు. ఫొటో లోపల ఉండే తేదీ, టైమ్ చూసి వాటిని వరసలో పెట్టడమే అసలు పని, మీరిచ్చే డబ్బు ఎక్కువగా దానికే. ఓపికుంటే మీరే చేసుకోండి, కాకపోతే ఫొటోలు పోయిన డ్రైవ్‌లోనే ఆ సాఫ్ట్‌వేర్ దించొద్దు, దొరికినవి అందులోనే సేవ్ చేయొద్దు. మిగిలినవి కూడా అలాగే పోతాయి.

మా దగ్గరికే తెచ్చేటట్టయితే, విషయం తెలిసిన నిమిషంలోనే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, కార్డుతో సహా తెండి. రికవర్ చేసిన ఫొటోలు మీరు చూసుకుని తీసుకెళ్లాక మా కంప్యూటర్లో కాపీ ఉంచం, కావాలంటే డిలీట్ చేసేటప్పుడు పక్కనే కూర్చుని చూడండి.